బడి ముగిసిన నాడు

(ఆలయ మంటపంలో జరిగిన వేసవి సత్సంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మా ఇంటికి వచ్చి, "అయ్యవారూ, పిల్లల చదువుల సంవత్సరం ముగిసింది. ఫలితాలు కూడా వచ్చినవి. తల్లిదండ్రులకు హితవుగా నాలుగు మాటలు చెప్పండి" అని కోరారు. సరే నన్నాను. హితవు చెప్పే అర్హత నాకు ఎంతవరకు ఉన్నదో ప్రసంగం పూర్తయ్యేసరికి మీరే నిర్ణయించవచ్చు. ముప్పై ఏండ్లకు పైగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల బడులలో తెలుగు పండితుడుగా పనిచేసి, వేలమంది పిల్లలకు పరీక్షలు పెట్టినవాణ్ణి. తండ్రిగా మాత్రం నేను కూర్చున్న పరీక్ష ఒకటే. దాని ఫలితం ఏమైనదో చివర చెబుతాను.

మొన్న అర్చకస్వామి ఒక మాట అన్నారు. పరీక్షలకు ముందు పిల్లలు హాల్‌టికెట్లు, కలాలు తెచ్చి స్వామి పాదాల చెంత పెట్టించుకొన్నారు. పళ్ళెం పట్టలేదు, రెండవ పళ్ళెం తెప్పించవలసి వచ్చింది. ఫలితాలు వచ్చిన వారంలో కొబ్బరికాయలు తీసుకొని వచ్చినవారు ఆ పిల్లలలో కొందరే. "మిగిలినవాళ్లు ఏమైనట్లు? స్వామి దగ్గరికి రావడానికి కూడా సిగ్గుపడుతున్నారా?" అని ఆయన నన్ను అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. మార్కులు వచ్చినవారికి దేవుడున్నాడు, రానివారికి లేడు అని ఈ పిల్లలకు ఎవరు నేర్పి ఉంటారు? పాఠ్యపుస్తకంలో అటువంటి పాఠం లేదు. నేను ఎరుగుదును, ఆ పుస్తకాలు ముప్పై ఏండ్లు చెప్పినవాణ్ణి. ఇంట్లో నేర్చుకొన్న పాఠమే అయి ఉండాలి.

చదువుల సంవత్సరం ముగించడమనే పని మన పెద్దలకు కొత్త కాదు. శ్రావణ పూర్ణిమనాడు జంధ్యాలు మార్చుకొంటాము కదా, అది నిజానికి చదువుల సంవత్సరానికి ప్రారంభం. దానికే ఉపాకర్మ అని పేరు. నేటి బడికి జూన్ 12 ఎట్లాగో వేదవిద్యార్థికి ఆ పూర్ణిమ అట్లాగ. ఆనాడు మొదలైన వేదాధ్యయనాన్ని పుష్యమాసంలో, రోహిణీ నక్షత్రమున్న దినాన గాని పూర్ణిమనాడు గాని, విధిపూర్వకంగా ముగించేవారు. ఆ ముగింపునకు ఉత్సర్జనం అని పేరు. విడిచిపెట్టడం అని అర్థం. గురుశిష్యులు కలిసి ఊరు దాటి, నీరున్న చోటికి వెళ్లి, స్నానం చేసి, ఆ మంత్రాలను దర్శించిన ఋషులకు తర్పణాలు విడిచేవారు. గమనించండి, సంవత్సరం ముగిసిన నాడు వారు చేసిన పని ఎవడు ఎంత నేర్చాడని లెక్కించడం కాదు, ఆ విద్యను తమదాకా తెచ్చిన పూర్వులకు కృతజ్ఞత చెప్పడం. ఆ తరువాత శుక్లపక్షాలలో వేదాన్ని వల్లించుకొంటూ, కృష్ణపక్షాలలో శిక్షా వ్యాకరణాది అంగాలను చదువుకొంటూ మరల శ్రావణం వరకు గడిపేవారు.

కాలక్రమంలో ఉత్సర్జనం లోపించింది. చదువు మొదలుపెట్టే పండుగను నిలుపుకొన్నాము, ముగించే పండుగను మరచిపోయాము. అందుకనే నేడు ఉపాకర్మనాడు యజుర్వేదులలో చాలామంది ముందుగా ఒక ప్రాయశ్చిత్త జపం చేస్తారు, సకాలంలో ఉత్సర్జనం చేయలేదు గనుక. చేసిన తప్పు కామం చేయించినది, క్రోధం చేయించినది అని భగవంతుని ముందు ఒప్పుకొనే జపమది. ప్రతియేటా నేను ఆ జపం చేస్తూనే ఉన్నాను. 'కోపం చేయించింది' అనడం తప్పించుకోవడానికి సాకు అని వయసులో ఉండగా అనుకొనేవాణ్ణి. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. కోపం చేయించినదని తెలుసుకోవడానికే కొందరికి ముప్పై ఏండ్లు పడుతుంది.

ఇక సెలవుల సంగతి. ఏప్రిల్ 23 బడికి చివరి దినమైతే 24వ తేదీ తెల్లవారేసరికి మన పిల్లలు మరొక తరగతిలో కూర్చొని ఉంటున్నారు. దానిని బ్రిడ్జి కోర్సు అంటారట. వంతెన వేయవలసినంత నది రెండు తరగతుల మధ్య ఎక్కడ ఉన్నదో నాకు ఇంతవరకు కనబడలేదు. మన ఊరి ఎండ నలభై మూడు డిగ్రీలు. రేకుల గదిలో నలభై మంది పిల్లలు. విద్యమీద అంత భక్తి మన ఋషులకు కూడా లేదు! వారు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలలో చదువు చెప్పరాదన్నారు. ఉరుము ఉరిమితే ఆపమన్నారు, దుమ్ము లేస్తే ఆపమన్నారు, శిష్టుడైన అతిథి ఇంటికి వస్తే ఆపమన్నారు. వాల్మీకి మహర్షి సుందరకాండలో హనుమంతుని నోట ఒక ఉపమానం పలికించారు. లంకనుండి తిరిగి వచ్చిన హనుమ, సీతమ్మ ఎంత కృశించి ఉన్నదో వానరులకు చెప్పవలసి వచ్చింది. దేనితో పోల్చాడు? పాడ్యమినాడు కూడా మానక చదివేవాని విద్య ఎట్లా క్షీణిస్తుందో అట్లా క్షీణించి ఉన్నది తల్లి అన్నాడు. విశ్రాంతి లేని చదువు చిక్కిపోతుందని అంత దుఃఖసమయంలోనూ హనుమకు తోచింది. నవ వ్యాకరణాలు చదివినవాడాయన. చదువు బాధ తెలిసినవాడు.

నా చదువు సంగతి కొంచెం చెప్పుకోవలసి ఉన్నది. జమ్మలమడుగునకు దిగువన పెన్న ఒడ్డున ఒక పల్లె మాది. నా తండ్రిగారు పౌరోహిత్యం చేసేవారు. నాకు పదకొండవ యేట ప్రొద్దుటూరులో ఒక గురువుగారి వద్ద విడిచిపెట్టి వచ్చారు. మొదట శబ్దాలు, పిదప అమరం, తరువాత రఘువంశం. రామశబ్దం వచ్చేవరకు హరిశబ్దం లేదు. ఒకనికి రెండు దినాలలో వస్తుంది, మరొకనికి పది దినాలు పడుతుంది. పది దినాలు పట్టినవాడు ఏడవ దినాన తప్పినట్లు కాదు, ఇంకా మూడు దినాలున్నవి, అంతే. సాయంకాలం అందరమూ కూర్చొని చింతన చేసేవాళ్లం. పెద్దవాడు చిన్నవానికి చెప్పి తాను గట్టిపరచుకొనేవాడు. మాలో మొదటివాడు ఎవడో, కడపటివాడు ఎవడో నాకు ఇప్పటికీ తెలియదు.

భోజనం వారాలు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ఇది మా గురువుగారు కనిపెట్టిన ఏర్పాటు కాదు, ఈ సీమలో తరతరాలుగా ఉన్నది. దత్తమండలాలలో తొలినాళ్ల కలెక్టరుగా పనిచేసిన మన్రోదొర తరువాత చెన్నపట్నంలో గవర్నరు అయి, 1822లో అన్ని జిల్లాల బడుల వివరాలు పంపవలసినదని ఉత్తరువు చేశాడు. అప్పుడు కడప కలెక్టరు పంపిన జాబులో ఈ సంగతి ఉన్నది. పదేండ్లు మొదలు పదహారేండ్ల వరకు వయసున్న బ్రాహ్మణ బాలురు స్తోమత లేనప్పుడు ఇల్లు విడిచి, వేతనం పుచ్చుకోకుండా చదువు చెప్పే గురువున్న ఊరు వెదుక్కొంటూ వెళతారనీ, ఆ గురువు కూడా పేదవాడే గనుక ఊరివారే ఆ పిల్లలకు అన్నం పెడతారనీ ఆ దొర మెచ్చుకొంటూ వ్రాశాడు. చదివినప్పుడు నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి. నూట నలభై ఏండ్ల తరువాత నేను తిన్న అన్నమే అది.

ఆ కాలమంతా బంగారమని మాత్రం నేను చెప్పను. ఆ అన్నం, ఆ చదువు ఒక కులంవారికే. ఆ నివేదికలలో బడికి వచ్చే ఆడపిల్లల సంఖ్య అత్యల్పం. గురువుగారి బెత్తం నా వీపునకు తెలుసు. ఈ రోజు ఈ మంటపంలో కూర్చున్న తల్లులలో సగంమందికి పైగా అక్షరం తెలిసినవారున్నారంటే అది ప్రభుత్వ బడి పుణ్యం. పాత దానిని పొగిడి కొత్త దానిని తెగిడి చప్పట్లు కొట్టించుకోవడం నా వంటి ముసలివారికి సులభం.

అయితే ఒక్కటి మాత్రం ఆ వారాల ఇండ్లలో చూశాను. గురువారం నేను భోంచేసే ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమెకు చదువు రాదు. కొర్రన్నం, చింతపండు చారు వడ్డించి ఎదురుగా పీట వేసుకొని కూర్చొనేది. "ఈ వారం ఏం చెప్పినారు నాయనా మీ అయ్యవారు?" అని అడిగేది. నేను గడగడా ఒక శ్లోకం చదివేవాణ్ణి. "చదివినావులే, అర్థం చెప్పు" అనేది. అర్థం చెప్పలేకపోతే, "సరే, వచ్చే వారం చెబుదువులే. మజ్జిగ పోసుకో" అనేది. ఆ వారమంతా నేను గురువారం కోసం చదివేవాణ్ణి. దిలీపుడు ఆవు వెంట అడవికి వెళ్లిన కథ ఆమెకు చెప్పడానికి నాలుగు గురువారాలు పట్టింది. సింహం వచ్చిన గురువారం ఆమె వడ్డించడం మరచిపోయింది. నాకు తరువాత ఎన్నో పరీక్షాధికారులు తటస్థపడ్డారు గాని అంత శ్రద్ధగా నా చదువును విన్నవారు మరొకరు లేరు. ఈ వేసవిలో మీ పిల్లలను ఎన్ని వచ్చినవని అడగండి, తప్పు లేదు, అడగవలసిందే. తరువాత ఒక సాయంకాలం, ఏమి చదివినావో చెప్పు, నాకు తెలియదు అని కూడా అడిగి చూడండి.

బడిలో నేను పండితుడుగా చేరిన తొలి సంవత్సరాలలో పులివెందుల వైపు ఒక పల్లెబడిలో పనిచేశాను. సంవత్సరాంతంలో ప్రోగ్రెస్ కార్డులు ఇంటికి పంపి తల్లిదండ్రుల చేవ్రాలు పెట్టించుకొని రమ్మనేవాళ్లం. వ్రాత రానివారు వేలిముద్ర వేసేవారు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఒకడు తెచ్చిన కార్డుమీద వేలిముద్ర మరీ చిన్నదిగా కనిపించింది. "నీ చెయ్యి చూపించరా" అన్నాను. బొటనవేలికి సిరా ఇంకా అట్లాగే ఉన్నది. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

మరునాడు వాని తల్లి వచ్చింది. శనక్కాయ చేలోనుండి నేరుగా వచ్చినట్లున్నది, చేతులకు మన్ను అంటుకొని ఉన్నది. కొడుకు అన్నిటిలోనూ తప్పాడు, నా తెలుగులో కూడా. గణవిభజన అడిగితే గురువు దగ్గర లఘువు, లఘువు దగ్గర గురువు పెట్టాడు. అదంతా నేను వివరిస్తూ ఉంటే ఆమె మధ్యలో, "సామీ, వానికి రాసేదొస్తుందా?" అని అడిగింది. వస్తుందన్నాను. "జాబు రాయగలడా? వాళ్ల నాయన కువైట్లో ఉండాడు. రెండేండ్లాయ. జాబు రాయాలంటే ఊర్లో ఒకరి కాళ్లు పట్టుకోవాల్సొస్తాంది. ఇంటి గుట్టంతా వాళ్లకు చెప్పల్ల" అన్నది.

మా జిల్లానుండి కువైటుకు పోయినవారి కుటుంబాలు ఎన్ని ఉన్నవో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ సభలోనే ఉన్నారు. ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూసుకొని మాట్లాడుకొంటున్నారు. ఆనాడు జాబే ఆధారం. ఆ వేసవి సెలవులలో నేను ఆ పల్లెలోనే ఉన్నాను. వానిని సాయంకాలం పిలిపించి జాబు వ్రాయడం నేర్పాను. సంబోధన, క్షేమం, ఇంటి సంగతి, పొలం సంగతి, చేవ్రాలు. గురులఘువులు పక్కన పెట్టాము. జూన్ వచ్చేసరికి వాడు ఆ వీధిలో కువైటుకు పోయినవారి ఇండ్లన్నిటికీ జాబులు వ్రాసి పెడుతున్నాడు. ఎవరి ఇంటి సంగతి వేరొకరి ఇంట్లో చెప్పేవాడు కాదట. ఆ గుణానికి ఏ కార్డులోనూ గడి లేదు. ఆ సంవత్సరం మరల ఎనిమిదవ తరగతే చదివాడు, తెలుగులో మాత్రం బాగా నెగ్గాడు. వాని తల్లి ఆ ప్రశ్న అడిగి ఉండకపోతే నేను గణవిభజనతోనే ఆగిపోయి ఉండేవాణ్ణి. నవ్వినందుకు కూడా నాకు తరువాత ఎప్పుడూ నొచ్చుకొనే తీరిక చిక్కేది కాదు.

ప్రొద్దుటూరువారి ముందు బంగారం ప్రస్తావన రాకుండా ప్రసంగం చేయరాదు గనుక ఒక మాట. నాకు తెలిసిన ఒక స్వర్ణకారుడు గీటురాయిమీద బంగారం గీస్తుండగా, "పరీక్ష అంటే ఇట్లా ఉండాలయ్యా" అన్నాను. ఆయన నవ్వి, "ఇది గీత వరకే సామీ, నగ మొత్తం అరగదీస్తే మిగిలేదేముంది?" అన్నాడు. తరువాత కమ్మ తీసి వెనుక శీల చూపించాడు. "మేలిమితో శీల చేస్తే మర నిలబడదు, మెత్తన కదా, నాలుగు నాళ్లకే అరిగిపోతుంది. వన్నె తగ్గించి గట్టి చేసి పెడితేనే కమ్మ చెవిలో నిలుస్తుంది" అన్నాడు. మన కూడళ్లలో ఫలితాలు వచ్చిన మరునాడే ఫ్లెక్సీలు కడతారు, మేలిమి ముఖాలన్నీ వరుసగా. శీలల ఫోటోలు ఎవరూ వేయరు. కమ్మలు మాత్రం నిలిచే ఉంటున్నవి.

ఇదే ఊరిలో పుట్టపర్తి నారాయణాచార్యులవారు నివసించారు. అగస్త్యేశ్వరస్వామి ఆలయంలో ప్రదక్షిణలు చేస్తూ శివతాండవం రచించారని మన ఊరి పెద్దలందరూ చెబుతారు. ఆయన బాల్యంలోనే పెనుగొండలక్ష్మి అనే కావ్యం వ్రాశారు. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చొన్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఉన్నది. తన కావ్యంమీద తానే ప్రశ్నలకు సమాధానాలు వ్రాయవలసి వచ్చింది. కవిగా ఆయన ఎప్పుడో ఉత్తీర్ణుడు. పరీక్షకు ఆ సంగతి తెలియదు. పరీక్ష తప్పు కాదది, దానికి తెలిసినది అంతే. తండ్రికి అంతకంటె కొంచెం ఎక్కువ తెలిసి ఉండాలి.

నాకు తెలియలేదు. ఇప్పుడు ఆ సంగతికి వస్తాను.

1994 వేసవి. నా కుమారుడు పదవ తరగతి పరీక్షలు వ్రాశాడు. ఆ రోజులలో ఫలితాలు వార్తాపత్రికలో అచ్చయ్యేవి. పేర్లుండవు, అంకెలే. ఉత్తీర్ణులైనవారి నంబర్లు మాత్రమే ఉంటవి. తప్పినవారి నంబరు దగ్గర ఖాళీ కూడా ఉండదు, ముందు నంబరు, తరువాతి నంబరు పక్కపక్కన ఉంటవి, మధ్యలో ఒక మనిషి లేనట్లే. బస్టాండు దగ్గర కొట్టులో పేపరు కొని మూడుసార్లు వెదికాను. కండ్లజోడు తుడుచుకొని నాలుగవసారి వెదికాను. తరువాత తెలిసింది, గణితంలో ఏడు మార్కులు తక్కువ.

ఇంటికి వచ్చేసరికి బంధువులున్నారు. మా పెదతండ్రిగారి ఇంట్లో ఉపనయనానికి వచ్చినవారు. వరండాలో ఎనిమిదిమంది కూర్చొని ఉన్నారు. వాడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పండితుని కొడుకు గురించి లోకంలో ఒక సామెత ఉన్నది, మీ అందరికీ తెలిసినదే. ఇతరులు నన్ను ఆ సామెతతో ఎత్తిపొడుస్తారేమోనని భయపడ్డాను. వారికి ఆ అవకాశం ఇవ్వడమెందుకని నేనే ముందుగా ఆ సామెత చదివాను. బిగ్గరగా, సుస్వరంగా, తరగతిలో చదివినట్లు. ఒకరిద్దరు నవ్వారు కూడా. వాడు నవ్వలేదు, ఏడవలేదు. చెప్పులు వేసుకొని బయటికి వెళ్లాడు.

రాత్రి తొమ్మిదైనా రాలేదు. పదైనా రాలేదు. స్నేహితుల ఇండ్లు చూశాము. అగస్త్యేశ్వరాలయం, బస్టాండు, సినిమాహాళ్లు చూశాము. తరువాత పెన్నకు పోయాము. వేసవిలో పెన్నలో నీరుండదు, ఇసుకే. ఇసుకలో చెలమలుంటవి, గట్టుమీద తోటలలో బావులుంటవి. టార్చిలైటు పట్టుకొని ఒక్కొక్క బావిలోకి వంగి చూశాను. వెలుతురు నీటిమీద పడి కదిలేది. ప్రతి బావి దగ్గరా వాని పేరు పిలిచేవాణ్ణి, లోపలినుండి నా గొంతే తిరిగి వచ్చేది. ఎన్ని బావులు చూశానో చెప్పలేను. నా భార్య గట్టుమీద కూర్చొని విష్ణుసహస్రనామం మొదలుపెట్టి, నాలుగు నామాలకే ఆగి, మరల మొదటికి వస్తూ ఉండింది. ఆమెకు అది కంఠస్థం. ఆ రాత్రి రాలేదు.

తెల్లవారి ఆరింటికి వీధి చివర కొట్టుకు ఫోను వచ్చింది. జమ్మలమడుగులో మా తమ్ముని వద్ద ఉండే మా అమ్మ చేసింది. "ఒరే, పిల్లవాడు ఇక్కడే ఉన్నాడు. కడపటి బస్సుకు వచ్చినాడు. రాత్రి చెబుదామంటే ఫోను కొట్లు మూసినారు. తిని పండుకున్నాడు. నువ్వు వచ్చి వాణ్ణి లేపొద్దు. స్నానం చేసి, ఇంత తిని రా" అన్నది.

మొదటి బస్సుకు వెళ్లాను. వాడు నడవలో చాపమీద నిద్రపోతున్నాడు. మా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, "రాత్రంతా ఎక్కడ వెదికినావు?" అని అడిగింది. పెన్నలో అన్నాను. "అవునులే, నీకు పెన్నే తోస్తుంది" అన్నది.

ఎందుకన్నదో నాకు తెలుసు. నేను కూడా విద్వాన్ పరీక్షలో ఒకసారి తప్పాను. ఏ పత్రంలో అనుకొన్నారు? వ్యాకరణంలో. మా నాన్నగారు ఒక నెల దినాలు నాతో మాట్లాడలేదు. ఆ మొదటి రాత్రి నేను పెన్న ఒడ్డున కూర్చొని ఉంటే మా అమ్మ లాంతరు తీసుకొని వచ్చి, ఏమీ అనకుండా, తెల్లవారే దాకా నా పక్కన కూర్చొన్నది. "నీ కొడుక్కి ఈ సంగతి ఎప్పుడన్నా చెప్పినావా?" అని అడిగింది. చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. బడిలో ఎవరికీ తెలియదు.

తైత్తిరీయంలో చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం ఉన్నది. సత్యమే చెప్పవలెననీ, తల్లిదండ్రులను, గురువును, అతిథిని దేవతలుగా చూడవలెననీ అందులో ఉన్నదని అందరికీ తెలుసు. పెండ్లి పత్రికల మీద కూడా వేస్తున్నారు. దాని నడుమ మరొక వాక్యమున్నది, దానిని ఎవరూ అచ్చు వేయరు. మాలో మంచి నడవడి ఏది ఉన్నదో దానినే నీవు అనుసరించు, తక్కినది వద్దు అని ఆ ఆచార్యుడు చెబుతాడు. అంటే తక్కినది ఉన్నదని ఒప్పుకొంటున్నాడు. శిష్యుని ముందు, సెలవు ఇచ్చే సమయంలో. ఆ అనువాకానికి నేను ఎన్నోసార్లు అర్థం చెప్పి ఉంటాను. ఆ ఉదయం మా అమ్మ పెరట్లో, బావి గట్టుమీద కూర్చొని, దాని అర్థం ఆలోచించాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా వ్యాకరణ పత్రం సంగతి వానికి చెప్పాను. వాడు చాలాసేపు కిటికీలోనుండి చూస్తూ, "నీకెన్ని వచ్చినాయి నాన్నా?" అని అడిగాడు. ఇరవై తొమ్మిది అన్నాను. "నాకు ఇరవై ఎనిమిది" అన్నాడు. తరువాత ఇద్దరమూ మాట్లాడలేదు. కాని ఆ మౌనం వేరు. మరుసటి పరీక్షలో వాడు గణితం నెగ్గాడు. చదువు పెద్దగా సాగలేదు. ఇప్పుడు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నడుపుతున్నాడు. చుట్టుపట్ల పల్లెలలో బోరు మోటారు కాలితే వాని దగ్గరికే వస్తారు. ఎండాకాలం రైతు పైరు ఎండుతుందంటే రాత్రి రెండింటి వరకు కూర్చొని చుట్టి ఇస్తాడు. బాగున్నాడు.

అయితే ఒకటి మిగిలిపోయింది. బస్సులో నా మార్కులు చెప్పాను గాని, వరండాలో నేను చదివిన సామెతకు క్షమించమని అడగలేదు. తండ్రి కొడుకును క్షమాపణ అడగడమేమిటని అనిపించింది. రేపు అడుగుదాములే అనుకొన్నాను. ఆ రేపు ముప్పై ఏండ్లుగా రాలేదు.

ఈ సంవత్సరం నా మనుమరాలు, వాని కూతురు, పదవ తరగతి వ్రాసింది. ఉత్తీర్ణురాలయింది గాని తాను అనుకొన్నన్ని మార్కులు రాలేదు. భోజనం మాని గదిలో కూర్చొన్నది. నేను నడవలో ఉన్నాను. మా అబ్బాయి లోపలికి వెళ్లి దాని పక్కన కూర్చొని ఏదో చెబుతున్నాడు. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నవి. "నేను తప్పినాను కదా, భయమేసి జేజి దగ్గరికి పారిపోయినా. తాతయ్య పాపం రాత్రంతా పెన్నలో వెదికినాడంట. పొద్దున వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు" అని చెప్పాడు. కథ అంతే. వరండా లేదు, బంధువులు లేరు, సామెత లేదు. నన్ను తీసి పక్కన పెట్టి కథ చెప్పాడు. అది విని కొంతసేపటికి ఆ పిల్ల బయటికి వచ్చి అన్నం తిన్నది. నేను తినలేకపోయాను.

వాడు మరచిపోయాడని నేను అనుకోను. అటువంటి మాట ఎవరూ మరచిపోరు. కూతురికి తాతమీద గౌరవం తగ్గకూడదని దాచాడు. మాలో మంచిదే తీసుకొమ్మని ఆచార్యుడు చెప్పవలసిన పని, చెప్పకుండానే నా కొడుకు చేశాడు.

నా మనుమరాలు ఇప్పుడు మూడవ వరుసలో, స్తంభం పక్కన కూర్చొని ఉన్నది. వాళ్ల నాన్న వెనుక నిలబడి ఉన్నాడు, దుకాణం మూసి ఇప్పుడే వచ్చినట్లున్నాడు. అమ్మా, మీ నాన్న చెప్పిన కథలో ఒక భాగం తక్కువయింది. అది ఇప్పుడు విన్నావు. నాయనా, ఎనిమిదిమంది ఎదుట అన్న మాట గనుక ఇంతమంది ఎదుట చెబుతున్నాను. నేను అట్లా అనకూడదు. తప్పు చేశాను.

సప్లిమెంటరీ పరీక్షలు దగ్గరలోనే ఉన్నవి. అర్చకస్వామితో మాట్లాడాను. ఈ శనివారం ఉదయం అభిషేకం అయిన తరువాత, పరీక్ష మరల వ్రాసే పిల్లల పేరిట అర్చన చేస్తామన్నారు. టికెట్టు లేదు. హాల్‌టికెట్టు ఇంకా రాకపోతే పేరు, గోత్రం చెప్పితే చాలు. గోత్రం తెలియనివారు పేరు చెప్పండి. సిగ్గుపడి పిల్లలు రాకపోతే తల్లిదండ్రులు వచ్చి చెప్పవచ్చు. నేను తూర్పు మంటపంలో కూర్చొని ఉంటాను. తెలుగు, సంస్కృతం పత్రాలలో సందేహాలున్నవారు పుస్తకం తెచ్చుకోండి. వ్యాకరణమైనా సరే.